తక్కువ ఖర్చుతో, మీ శరీరాకృతికి నప్పేలా దుస్తులు: కొలత నుంచి కొనుగోలు దాకా

"నా ఒంటికి ఏం వేసుకున్నా నప్పదు, పైగా బట్టల మీద ఎక్కువ పెట్టలేను, ఏం కొనుక్కోమంటారు?" అని నన్ను అడిగేవారు చాలామంది ఉన్నారు. కొనాల్సిన వస్తువుల జాబితా ఒకటి చేతికిస్తే ఆ పూటకు తృప్తి కలుగుతుంది గానీ, కొన్నాళ్లకు వారే మళ్లీ అదే ప్రశ్నతో వస్తారు. పొరపాటు జాబితాలో లేదు, వరుసలో ఉంది. మొదట కొంటాం, తర్వాత అద్దం చూసుకుంటాం, కొలతల సంగతి ఎప్పటికీ గుర్తుకురాదు.

ఈ మార్గదర్శిలో వరుసను తిరగేశాను. ముందు కొలతలు, ఆ తర్వాత ఇంట్లో ఉన్న బట్టల పరిశీలన, ఆపైన దర్జీ చేత సవరణలు, అన్నిటికంటే ఆఖరున కొనుగోలు. నప్పని బట్టల్లో ఎక్కువ భాగం చెడ్డ బట్టలు కావు, సరిచేయని బట్టలు. కాబట్టి డబ్బు తక్కువగా ఉన్నప్పుడు దాన్ని కొత్త బట్ట కంటే ముందు సవరణ మీద పెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం. స్త్రీలకైనా పురుషులకైనా ఈ పద్ధతి ఒకటే.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- 150 సెంటీమీటర్ల మెత్తని కొలత టేపు
- నడుముకు కట్టుకోవడానికి సన్నని దారం
- పాదాల నుంచి తల దాకా కనిపించే అద్దం, పగటి వెలుతురు
- పది, పన్నెండు పిన్నీసులు
- నోటుపుస్తకం, పెన్ను, చిన్న కాగితం ముక్కలు
- వెనక వైపు ఫోటో తీసేందుకు ఒక మనిషి, లేదా టైమర్ పెట్టిన ఫోను

వెనక వైపు ఫోటోను తేలిగ్గా తీసుకోకండి. మనల్ని మనం ఎప్పుడూ ముందు నుంచే చూసుకుంటాం. ప్యాంటు సీటు దగ్గర, చొక్కా వీపు దగ్గర ఉండే దోషాలు అందరికీ కనిపిస్తాయి, మనకు తప్ప.

## 2. శరీర కొలతలు తీసుకోవడం

పలుచని లోదుస్తుల మీద కొలవండి. టేపు నేలకు సమాంతరంగా ఉండాలి, టేపు కింద ఒక వేలు దూరేంత వదులుండాలి. పొట్ట లోపలికి లాగకుండా మామూలుగా ఊపిరి తీసుకుంటూ నిలబడండి. ప్రతి కొలతను రెండుసార్లు తీసుకుని, రెంటికీ ఒక సెంటీమీటరు కంటే ఎక్కువ తేడా వస్తే మూడోసారి కొలవండి.

- భుజం వెడల్పు: వీపు వైపు నుంచి, ఒక భుజం ఎముక చివర నుంచి రెండో భుజం ఎముక చివరకు. చేయి పక్కకు ఎత్తితే గుంట పడే చోటే ఆ చివర.
- ఛాతీ: అన్నిటికంటే నిండుగా ఉన్న చోట, చంకల కింద నుంచి చుట్టూ.
- నడుము: పక్కకు వంగితే ఎక్కడ మడత పడుతుందో అక్కడ దారం కట్టి, ఆ దారం మీద కొలవండి. చాలామంది ప్యాంటు కట్టుకునే చోటును నడుము అనుకుంటారు, అది సాధారణంగా ఇంకా కిందుంటుంది.
- తుంటి: పాదాలు దగ్గరగా పెట్టి, పిరుదులు అన్నిటికంటే ఎత్తుగా ఉన్న చోట.
- కాలు లోపలి పొడవు: గోడకు ఆనుకుని నిలబడి, కాళ్ల మధ్య ఒక గట్టి అట్ట పుస్తకాన్ని పైదాకా పెట్టి, దాని పై అంచు నుంచి నేల దాకా.
- చేతి పొడవు: భుజం ఎముక చివర నుంచి, మోచేయి కొద్దిగా వంచి, మణికట్టు ఎముక దాకా.
- మొండెం పొడవు: తల వంచితే మెడ వెనక పైకి తేలే ఎముక నుంచి, నడుముకు కట్టిన దారం దాకా.

ఇక్కడితో ఆపేస్తే సగం పనే అయినట్టు. మీకు బాగా కుదిరిందని మీకే తెలిసిన ఒక చొక్కాను, ఒక ప్యాంటును బల్ల మీద పరిచి, ముడతలు లేకుండా సర్ది, వాటి కొలతలు కూడా రాసుకోండి. చొక్కాకు భుజం, చంక నుంచి చంకకు వెడల్పు, పొడవు, చేతి పొడవు కావాలి. ప్యాంటుకు నడుము, తుంటి, తొడ వెడల్పు, ముందు వైపు నడుము పట్టీ నుంచి కాళ్లు కలిసే కుట్టు దాకా ఉన్న ఎత్తు, కాలి కింది అంచు వెడల్పు కావాలి. శరీరం కొలతకు, బట్ట కొలతకు మధ్య ఉన్న తేడాయే మీకు సౌకర్యంగా అనిపించే వదులు. సాగని నేత బట్టతో కుట్టిన చొక్కాకు ఛాతీ దగ్గర 8 నుంచి 10 సెంటీమీటర్ల వదులు చాలామందికి హాయిగా ఉంటుంది, టీషర్టు లాంటి సాగే అల్లిక బట్టకు అంతకంటే చాలా తక్కువ సరిపోతుంది. మీ అంకె ఎంతో మీ పాత చొక్కానే చెబుతుంది.

## 3. ఆకృతిని గుర్తించడం

కొలతలు చేతిలో ఉంటే ఆకృతి దానంతట అదే తేలుతుంది. ఇది నిఖార్సయిన శాస్త్రం కాదు, చేతి లెక్క. రెండు కొలతల మధ్య తేడా 5 శాతం లోపుంటే వాటిని సమానమనే అనుకోవచ్చు.

- త్రిభుజం: తుంటి, ఛాతీ కంటే స్పష్టంగా ఎక్కువ.
- తలకిందుల త్రిభుజం: భుజాలు, ఛాతీ కలిసి తుంటి కంటే వెడల్పుగా కనిపించడం.
- దీర్ఘచతురస్రం: ఛాతీ, తుంటి సమానం, నడుము కూడా వాటికి దగ్గరగానే.
- ఇసుక గడియారం: ఛాతీ, తుంటి సమానం, నడుము వాటి కంటే సుమారు నాలుగో వంతు తక్కువ.
- గుండ్రని ఆకృతి: నడుము, పొట్ట భాగం ఛాతీకి లేదా తుంటికి సమానం, లేదా ఎక్కువ.

ఉదాహరణకు ఛాతీ 90, నడుము 76, తుంటి 102 సెంటీమీటర్లు అనుకోండి. తుంటి, ఛాతీ కంటే 12 సెంటీమీటర్లు, అంటే 13 శాతం ఎక్కువ. ఇది త్రిభుజం. ఈ మనిషికి రెడీమేడ్ ప్యాంటు తుంటి దగ్గర సరిపోతే నడుము దగ్గర వదులవుతుంది. నడుముకు సరిపోయేది తుంటిని దాటదు. తప్పు ఒంటిలో లేదు, సగటు కొలతలకు కత్తిరించిన బట్టలో ఉంది.

ఈ ఐదు పేర్లకు అంటుకుపోవద్దని కూడా చెప్పాలి. చాలామంది రెంటి మధ్యలో ఉంటారు. నా దృష్టిలో అడ్డం కొలతల కంటే నిలువు కొలత ఎక్కువ మేలు చేస్తుంది, దాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. కాలు లోపలి పొడవును మీ ఎత్తుతో భాగించండి. సుమారు 45 శాతం వస్తే మధ్యస్థం. అంతకంటే తక్కువైతే మొండెం పొడవు, కాళ్లు పొట్టి. ఎక్కువైతే అందుకు విరుద్ధం. చొక్కా ఎక్కడ ఆగాలి, ప్యాంటు నడుము ఎంత ఎత్తున ఉండాలి అన్న రెండు పెద్ద నిర్ణయాలు ఈ ఒక్క అంకె మీదే ఆధారపడతాయి.

## 4. బీరువా ఖాళీ చేయడం

ఉన్న బట్టలన్నీ మంచం మీద వేసి, ప్రతిదాన్నీ ఒంటి మీద వేసుకుని చూడండి. మూడు కుప్పలు చేయండి: తరచుగా వేసుకునేవి, ఏదో ఒక్క లోపం వల్ల పక్కన పడినవి, ఇక వేసుకోనివి. రెండో కుప్పలోని ప్రతి బట్టకు ఒక కాగితం ముక్క గుచ్చి, ఆ లోపమేమిటో ఒక్క వాక్యంలో రాయండి. "బాగోలేదు" అన్న మాట చెల్లదు. "చేతులు 3 సెంటీమీటర్లు పొడవు", "నడుము వెనక గుప్పెడు బట్ట ఎక్కువ" అన్నట్టు రాయాలి. అలా రాయగలిగితే దర్జీ సరిచేయగలడు. మీ బడ్జెట్‌లో మొదటి భాగం ఈ రెండో కుప్పకే వెళ్తుంది.

మొదటి కుప్పను కూడా ఒకసారి శ్రద్ధగా చూడండి. మీరు తరచుగా వేసుకునే బట్టల్లో ఏదో ఒక పోలిక కనబడుతుంది. మెడ ఆకారమో, పొడవో, రంగో. అది మీ ఒళ్లు మీకు ముందే చెప్పిన జవాబు.

## 5. ముడతలు చదవడం నేర్చుకోండి

ఈ ఒక్క నైపుణ్యం వస్తే మిగతా సలహాల్లో సగం అక్కర్లేదు. బట్ట ఎక్కడ బిగుతో, ఎక్కడ వదులో అది తన ముడతలతో చెబుతుంది. ఇస్త్రీ చేసిన బట్ట వేసుకుని, చేతులు కిందికి వదిలి, అద్దం ముందు కదలకుండా నిలబడండి.

అడ్డంగా లాగినట్టున్న గీతలు బిగుతుకు గుర్తు. నిలువుగా వేలాడే మడతలు వదులుకు గుర్తు. ఏటవాలు గీతలు మాత్రం బాణాల లాంటివి, వాటి కొస ఏ చోటిని చూపిస్తుందో అక్కడే సమస్య ఉంటుంది.

పై నుంచి కిందికి ఈ వరుసలోనే చూడండి.

భుజం. చేయి మొదలయ్యే కుట్టు భుజం ఎముక చివర మీద సరిగ్గా కూర్చోవాలి. ఒక తెల్ల చొక్కాను ఊహించుకోండి. ఆ కుట్టు ఎముక దాటి రెండు సెంటీమీటర్లు కిందికి జారితే, చేయి పై భాగాన ఒక చిన్న గుంట పడి, దాని కింద బట్ట సంచిలా వేలాడుతుంది. వేసుకున్న మనిషి నిటారుగా నిలబడ్డా వంగిపోయినట్టే కనిపిస్తారు. అదే కుట్టు మెడ వైపు జరిగి ఉంటే, చేయి ముందుకు చాచగానే వీపు మీద అడ్డగీతలు పడతాయి. జారిన భుజం కావాలనే కత్తిరించిన వదులు దుస్తులు వేరు, వాటిలో కుట్టు ఎముకకు చాలా కిందుంటుంది, రెండు వైపులా ఒకేలా ఉంటుంది.

ఛాతీ, గుండీలు. గుండీ చుట్టూ అడ్డగీతలు గుణకారం గుర్తులా వస్తే ఛాతీ బిగుతు. రెండు గుండీల మధ్య బట్ట తెరుచుకుంటే అది కూడా అదే లోపం.

చంక. చంక నుంచి ఛాతీ వైపు ఏటవాలు గీతలు పోతున్నాయంటే, ఛాతీకి అక్కడ చాలినంత బట్ట లేదు. చేతులు పైకెత్తితే చొక్కా మొత్తం లేచిపోతే చంక మరీ కిందికి కత్తిరించి ఉంది. సాధారణంగా దీన్ని సవరించలేం.

ప్యాంటు ముందు వైపు. కాళ్లు కలిసే చోటి నుంచి తొడల మీదికి విసనకర్రలా గీతలు పరుచుకుంటే తుంటి లేదా తొడ బిగుతు. పక్క జేబులు చెవుల్లా తెరుచుకుని ఉంటే తుంటి దగ్గర బట్ట చాలలేదని అర్థం.

ప్యాంటు వెనక. సీటు కింద వేలాడే మడతలుంటే అక్కడ బట్ట ఎక్కువ. నడుము పట్టీ వెనక ఖాళీ కనిపిస్తే తుంటికి, నడుముకు ఉన్న తేడా ఆ బట్టలో లేదు. దీన్ని తేలిగ్గా సరిచేయవచ్చు.

తర్వాత కూర్చోండి, చేతులు కట్టుకోండి, వంగి చెప్పు తొడుక్కోండి. నిలబడినప్పుడు మాత్రమే కుదిరే బట్ట కుదిరినట్టు కాదు.

## 6. ఆకృతిని బట్టి ఎంపిక

ఒక్కో ఆకృతికి విడివిడిగా నియమాలు కంఠస్థం చేయడం కంటే, కంటిని నడిపించే నాలుగు సూత్రాలు తెలుసుకోవడం మేలు.

మొదటిది, బట్ట ఏ చోట ఆగుతుందో కన్ను ఆ చోటే ఆగుతుంది. చేతి అంచు, చొక్కా అంచు, స్కర్టు అంచు మీరు చూపించాలనుకున్న చోట, లేదా ఆ అవయవం సన్నగా ఉన్న చోట ఆగాలి. పిక్క అన్నిటికంటే లావుగా ఉన్న చోట స్కర్టు ఆగితే కాలు మొత్తం అంతే లావుగా తోస్తుంది. దాన్ని మూడు వేళ్ల వెడల్పున పైకో కిందికో జరిపితే తేడా మీకే తెలుస్తుంది.

రెండవది, ముదురు రంగు, మెరుపు లేని బట్ట వెనక్కి తగ్గుతాయి. లేత రంగు, మెరిసే బట్ట ముందుకొస్తాయి. మూడవది, పైనా కిందా సగం సగంగా పంచడం కంటే, ఒక వంతు పైన, రెండు వంతులు కింద అన్నట్టు పంచితే మనిషి పొడుగ్గా కనిపిస్తారు. నాల్గవది, పై నుంచి కింది దాకా ఒకే రంగు చాయలు ఉంటే అది ఒక నిలువు గీతలా పనిచేస్తుంది.

అడ్డచారలు లావుగా చూపిస్తాయన్న భయం చాలామందిలో ఉంది. అందుకు వ్యతిరేకమైన సంగతిని 19వ శతాబ్దపు జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ ఏనాడో గమనించాడు: అడ్డగీతలతో నింపిన చతురస్రం, నిలువు గీతలతో నింపిన అదే కొలత చతురస్రం కంటే పొడుగ్గా, సన్నగా కనిపిస్తుంది. ఒంటి మీద ఈ ఫలితం చార వెడల్పును బట్టి, బట్ట ఎలా సాగిందన్నదాన్ని బట్టి మారవచ్చు గానీ, చారల చొక్కాను భయంతో వదులుకోనక్కర్లేదు. వేసుకుని ఫోటో తీసి చూడండి.

త్రిభుజాకృతికి కొంత నిండుదనం పైన కావాలి. భుజం దగ్గర గట్టిగా నిలిచే బట్ట, పడవ ఆకారపు వెడల్పాటి మెడ, ఛాతీ మీద జేబులు, లేత రంగు పై దుస్తు ఇందుకు పనికొస్తాయి. కింద తుంటి నుంచి తిన్నగా జారే ప్యాంటు బాగుంటుంది. చీలమండ దగ్గర బిగిసే ప్యాంటు తుంటిని ఇంకా పెద్దదిగా చూపిస్తుంది. చొక్కా అంచు తుంటి అన్నిటికంటే వెడల్పుగా ఉన్న చోట ఆగకూడదు. దానికి పైన ఆగాలి, లేదా తొడ దాకా దిగాలి. ప్యాంటు మాత్రం తుంటికి సరిపోయేది కొని నడుము తగ్గించుకోండి, ఈ ఆకృతివారు ఎక్కువ డబ్బు నష్టపోయేది ఇక్కడే.

తలకిందుల త్రిభుజానికి పైది నిరాడంబరంగా, కిందిది కాస్త నిండుగా ఉండాలి. ఆంగ్ల 'వి' అక్షరం ఆకారంలో దిగే మెడ, మెత్తగా జారే బట్ట, పైన ముదురు రంగు మేలు. భుజం మీద దిండ్లు, పట్టీలు, కుచ్చులు వద్దు. కింద తిన్నని లేదా వెడల్పు కాళ్ల ప్యాంటు, కుచ్చుల స్కర్టు సమతూకం తెస్తాయి.

దీర్ఘచతురస్రాకృతివారికి ఒక పెద్ద సౌకర్యం ఉంది: రెడీమేడ్ బట్టలు చాలావరకు సవరణ లేకుండానే కుదురుతాయి. నడుము కనబడాలనుకుంటే బెల్టు, పక్క కుట్టు కొద్దిగా లోపలికి తీయడం, చొక్కాను ముందు వైపు మాత్రం లోపలికి దోపడం చాలు. లేదంటే నిటారు గీతలే మీ శైలి అనుకుని, ఒకే రంగు చాయల్లో పొరలు పొరలుగా వేసుకోండి. నాకు ఈ రెండో దారే ఎక్కువ ఇష్టం.

ఇసుక గడియారం ఆకృతికి ఛాతీకి సరిపోయినవి నడుము దగ్గర డబ్బాలా వేలాడతాయి. వీపు మీద రెండు డాట్లు (ఎక్కువ బట్టను మొనదేలేలా లోపలికి మడిచి వేసే కుట్లు) వేయిస్తే ఆ చొక్కా వేరే చొక్కాలా మారిపోతుంది. గట్టి బట్టల కంటే ఒంటి వంపును అనుసరించే బట్టలు నయం.

గుండ్రని ఆకృతివారు చేసే ప్రధానమైన పొరపాటు ఒళ్లు దాచాలని రెండు సైజులు పెద్దది కొనడం. అప్పుడు భుజం జారిపోతుంది, పొట్ట అంత వెడల్పూ ఒళ్లంతా ఉన్నట్టు కనిపిస్తుంది. భుజానికి సరిగ్గా కుదిరి, ఛాతీ కింద నుంచి వదులుగా జారే కోత ఎంచుకోండి. గుండీలు విప్పి వేసుకునే పై చొక్కా లేదా జాకెట్ ముందు రెండు నిలువు అంచులు ఏర్పరుస్తుంది, అవి మధ్య భాగాన్ని సన్నని పట్టీలా విడదీస్తాయి. కాళ్లు, మణికట్లు సన్నగా ఉంటే వాటిని చూపించండి. చొక్కా చేతులను మడిచి మోచేయి కిందికి నిలపడం ఖర్చులేని ఉపాయం.

కాళ్లు పొట్టిగా ఉన్నవారు ఏ ఆకృతి వారైనా ఎత్తు నడుము ప్యాంటు, దోపిన లేదా పొట్టి చొక్కా, ప్యాంటు రంగుకు దగ్గరైన పాదరక్షలు ఎంచుకోవాలి. మొండెం పొట్టిగా ఉన్నవారు నడుము పట్టీ కాస్త కిందున్న ప్యాంటు, వదిలేసిన చొక్కా వేసుకోవాలి.

## 7. దర్జీ దగ్గరికి వెళ్లే ముందు

ఏది సవరించవచ్చో, ఏది సవరించకూడదో తెలియకపోతే సవరణ ఖర్చు బట్ట ధరను దాటిపోతుంది.

- తేలికైనవి: ప్యాంటు, స్కర్టు పొడవు తగ్గించడం, చొక్కా పక్క కుట్లు లోపలికి తీయడం, వీపు డాట్లు, గుండీలు జరపడం, కఫ్ (మణికట్టు దగ్గరి గుండీ పట్టీ) లేని చేతుల పొడవు తగ్గించడం, ప్యాంటు నడుము వెనక కుట్టు దగ్గర తగ్గించడం.
- కాస్త కష్టమైనవి: ప్యాంటు కాళ్లు సన్నం చేయడం, కఫ్ ఉన్న చేతులు పొట్టి చేయడం, జిప్పు మార్చడం, లోపల మార్జిన్ ఉంటే నడుము వదులు చేయడం.
- వద్దనుకోవాల్సినవి: భుజం వెడల్పు మార్చడం, చంక ఎత్తు మార్చడం, రెండు సైజులు తగ్గించడం, పూసలు, ఎంబ్రాయిడరీ ఉన్న అంచులు కత్తిరించడం.

వదులు చేయించాలంటే ముందు బట్టను తిరగేసి, కుట్టు లోపల ఎంత బట్ట మిగిలి ఉందో చూడండి. చాలా రెడీమేడ్ దుస్తుల్లో అది సెంటీమీటరుకు అటూ ఇటూ మాత్రమే ఉంటుంది, దానితో పెద్దగా సాధించలేం. బిగించడం ఎప్పుడూ వదులు చేయడం కంటే సులువు. అనుమానం ఉన్నప్పుడు పెద్ద సైజు వైపు మొగ్గండి, భుజం మాత్రం కుదరాలి.

కొత్త నూలు బట్టను ఉతకకుండా కత్తిరింపుకు ఇవ్వకండి. నేను ఒక ముదురు నీలం నూలు ప్యాంటు కొన్న రోజే పొడవు తగ్గించుకున్నాను. మొదటి ఉతుకుకే అది రెండు సెంటీమీటర్లకు పైగా కుదించుకుపోయి, చీలమండ పైకి వెళ్లిపోయింది. లోపలి మడతలో మిగిలిన బట్ట విప్పినా సరిపోలేదు, ఆ ప్యాంటును మళ్లీ బయటికి వేసుకోలేకపోయాను. అప్పటి నుంచి నూలుదైతే రెండుసార్లు ఉతికి ఆరాకే దర్జీకి ఇస్తున్నాను.

దర్జీ దగ్గరికి వెళ్లేటప్పుడు:

- ఆ దుస్తులతో వేసుకునే పాదరక్షలే తొడుక్కుని వెళ్లండి, ప్యాంటు పొడవు వాటి మీదే ఆధారపడుతుంది.
- ఇంట్లోనే పిన్నీసులు పెట్టి, కూర్చుని, నడిచి చూసుకోండి.
- ఎంత తగ్గించాలో సెంటీమీటర్లలో కాగితం మీద రాసివ్వండి.
- ఎక్కువైన బట్టను కత్తిరించకుండా లోపలే మడిచి కుట్టమని అడగండి. ఒళ్లు మారితే విప్పుకోవచ్చు.
- కొత్త దర్జీకి మొదట ఒక చవక బట్ట ఇచ్చి పనితనం చూడండి.

చేత్తో అంచు కుట్టడం, గుండీ జరపడం మీరే నేర్చుకుంటే ఈ ఖర్చులో కొంత భాగం పూర్తిగా మిగిలిపోతుంది.

## 8. కొనుగోలు

ఇప్పుడు మాత్రమే కొనాలి. మీరు కేటాయించుకున్న మొత్తంలో నాలుగో వంతు సవరణలకు ముందే తీసి పెట్టండి. మిగిలినదాంట్లో పెద్ద భాగం ఎక్కువసార్లు వేసుకునే వాటికి, అంటే ప్యాంట్లకు, పాదరక్షలకు, పై కోటుకు పెట్టండి. లోపల వేసుకునే టీషర్టులు చవకవైనా ఫరవాలేదు.

ధరను ఒక్కటే చూడకండి, దాన్ని మీరు వేసుకోబోయే సార్లతో భాగించండి. రెట్టింపు ధర పెట్టిన ప్యాంటును నాలుగు రెట్లు ఎక్కువసార్లు వేసుకుంటే, ఒక్కసారికి పడే ఖర్చు సగమే. తగ్గింపు ధరకు కొని రెండుసార్లు మాత్రం వేసుకున్న బట్టే అన్నిటికంటే ఖరీదైనది.

చేతిలోకి తీసుకున్న బట్టను ఇలా పరీక్షించండి:

- వెలుతురుకు ఎత్తి పట్టండి. నేత మధ్య వెలుతురు మరీ ఎక్కువగా దూరితే అది త్వరగా సాగుతుంది, లోపలివి కనిపిస్తాయి.
- ఒక మూలను గుప్పిట్లో పది లెక్కపెట్టేంత సేపు బిగించి వదలండి. ముడతలు అలాగే నిలిచిపోతే రోజంతా అలాగే కనిపిస్తుంది.
- కుట్టును రెండు వైపులా మెల్లగా లాగండి. దారాల మధ్య సందులు తెరుచుకుంటే వదిలేయండి.
- చారలు, గళ్లు పక్క కుట్టు దగ్గర కలిశాయా చూడండి. కలిస్తే కుట్టినవారు శ్రద్ధ పెట్టారని అర్థం.
- సాగే ప్యాంటయితే మోకాలి దగ్గర సాగదీసి వదలండి. వెంటనే వెనక్కి రావాలి.

సైజు అంకెను నమ్మకండి. దుస్తుల సైజుల కోసం శరీర కొలతలను నిర్వచించే ఐఎస్‌ఓ 8559 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉన్నా, తయారీదారులు తమ తమ పట్టికలు వాడుకుంటున్నారు. ఒకచోట 'ఎం' సైజు మరోచోట 'ఎల్' కావచ్చు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు, రెండో భాగంలో మీరు రాసుకున్న పాత చొక్కా కొలతలను అక్కడి పట్టికతో పోల్చండి. ఆ పట్టిక ఇచ్చేది శరీర కొలతా, బట్ట కొలతా అన్నది ముందు తేల్చుకోండి, వెనక్కి పంపే సరుకులో సగం ఈ ఒక్క గందరగోళం వల్లే అనిపిస్తుంది నాకు.

వాడిన దుస్తులు కొనడం తక్కువ డబ్బుతో మంచి బట్ట సంపాదించే ఉత్తమ మార్గం. అయితే చంకలు, కాలర్ మడత, తొడల లోపలి వైపు, జిప్పు, ఎలాస్టిక్ ఈ ఐదు చోట్లూ వెలుతురులో చూడాలి. చంకలో గట్టిపడిన పసుపు మరక, తొడల మధ్య పలుచబడిన బట్ట ఉంటే ఎంత చవకైనా వద్దు. గుండీ లేకపోవడం, అంచు ఊడడం లోపాలే కావు, బేరానికి అవకాశాలు.

## 9. తక్కువ బట్టలతో ఎక్కువ జతలు

రెండు తటస్థ రంగులు ఎంచుకోండి, ఉదాహరణకు ముదురు నీలం, బూడిద. వాటికి మీ ముఖానికి వెలుగిచ్చే ఒక రంగు చేర్చండి. పగటి వెలుతురులో ఆ బట్టను గడ్డం కింద పట్టుకుంటే తెలిసిపోతుంది: నప్పే రంగు ముందు ముఖాన్ని చూపిస్తుంది, నప్పనిది ముందు తానే కనిపిస్తుంది.

మూడు ప్యాంట్లు లేదా స్కర్టులు, ఐదు పై దుస్తులు ఒకదానితో ఒకటి కలిసేలా ఉంటే పదిహేను జతలు. వాటన్నిటి మీదికీ పనికొచ్చే ఒక జాకెట్ చేరితే ముప్ఫై. కొత్తది కొనే ముందు అది ఇంట్లో ఉన్న కనీసం మూడింటితో కలుస్తుందా అని అడగండి. కలవకపోతే, దాని కోసం ఇంకో రెండు కొనాల్సి వస్తుంది.

## 10. తరచుగా జరిగే పొరపాట్లు, సవరణలు

బరువు తగ్గాక వేసుకుందామని చిన్న సైజు కొనడం. ఈ రోజున్న ఒంటికే కొనండి. తగ్గినప్పుడు బిగించుకోవచ్చు, ఇంతకుముందే చెప్పినట్టు అది సులువైన పని.

ఎవరికో బాగుందని అదే కొనడం. వారి మొండెం పొడవు, మీ మొండెం పొడవు వేరు. ఆ దుస్తుల్లో మీకు నచ్చింది రంగా, మెడా, పొడవా అని విడదీసి, ఆ ఒక్కదాన్నే మీ కొలతల్లో వెతకండి.

పైనా కిందా రెండూ వదులు, లేదా రెండూ బిగుతు. ఒకటి వదులైతే రెండోది ఒంటికి దగ్గరగా ఉంచండి. ఉన్న బట్టలతోనే జతలు మార్చి చూస్తే చాలా సందర్భాల్లో ఇది తీరిపోతుంది.

లోదుస్తులను పట్టించుకోకపోవడం. పైన ఎంత మంచి బట్ట వేసినా లోపలి గీతలు, జారిపోయిన పట్టీలు బయటికి తెలుస్తాయి. బడ్జెట్‌లో దీనికి ముందే కొంత ఉంచండి, లేత చొక్కాల కింద తెలుపు కంటే మీ చర్మానికి దగ్గరైన రంగు వేసుకోండి.

వేడి నీళ్లలో ఉతకడం, ఎండలో మాడ్చడం. ముదురు రంగులు తిరగేసి, చల్లని నీళ్లలో ఉతికి, నీడలో ఆరేయండి. అల్లిక బట్టలను తగిలించకుండా మడిచి పెట్టండి, లేకపోతే హ్యాంగర్ మొనలు పొడుచుకుని భుజం దగ్గర బుడిపెలు పడతాయి. ఎంతో కష్టపడి కుదుర్చుకున్న భుజం గీత దానితో చెడిపోతుంది. ఒకవేళ ఇప్పటికే పడి ఉంటే, ఆ చోట నీళ్లు చిలకరించి, బల్ల మీద పరిచి, వేలితో మెల్లగా ఆకారంలోకి సర్ది అలాగే ఆరనివ్వండి.